ఎండ రాని సందులో వాసన ఆకుల మొక్కలు: ఏవి పెట్టొచ్చు?

సందుతోట | మల్కాజ్‌గిరి | మే 12

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మాది గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. ఇంటికి ఉత్తరాన, ప్రహరీకి ఇవతల నాలుగడుగుల సందు ఉంది. తూర్పు పడమరలుగా ఇరవై అడుగుల పొడుగు. ప్రహరీ అవతల పక్కవాళ్లు మూడంతస్తులు లేపారు. ఇక ఎండ మాట మరిచిపోవాల్సి వచ్చింది. గులాబీ పెట్టాను, పోయింది. మల్లె తీగలా సాగి కిటికీ ఊచలు పట్టుకుంది గానీ ఒక్క మొగ్గ వేయలేదు. పూలు మనకు రాసిపెట్టి లేవని ఊరుకున్నాను. మా అమ్మ గది కిటికీ ఆ సందులోకే తెరుచుకుంటుంది. ఆవిడకి చూపు బాగా తగ్గింది, రంగురంగుల క్రోటన్లు పెట్టినా ప్రయోజనం లేదు. ఆకు నలిపితే వాసన వచ్చేవి పెడదామని ఆలోచన.

ఇప్పటికి ఒకటే ఉంది. రెండేళ్ల కిందట నర్సరీలో ఏలకుల మొక్క అని 250 రూపాయలకు ఇచ్చారు. కుండీ నిండా పిలకలు, నడుం ఎత్తు వచ్చింది. ఆకు నలిపితే ఘుమఘుమలాడుతుంది. ఒక్క కాయ లేదు. ఏ ఎరువు వేస్తే కాస్తుంది?

ఇంకో సంగతి. ఏడాదంతా నీడలో ఉన్న మొక్కకి గత పది రోజులుగా ఆకుల మీద గోధుమరంగు మచ్చలు వస్తున్నాయి. తెగులేమో అని టెన్షన్‌గా ఉంది.

కుండీలపిచ్చి | కూకట్‌పల్లి | మే 12

ఏ ఎరువు వేసినా కాయదండీ. అది ఏలకి కాదు. ఫొటో పెట్టకపోయినా పందెం కాస్తాను, ఆల్పీనియా అయి ఉంటుంది. అల్లం కుటుంబమే, ఏలకికి దాయాది. నేనూ ఇలాగే కొన్నాను, మా తోడల్లుడూ కొన్నాడు.

గుర్తుపట్టడం తేలిక. ఆకు నలపగానే గుప్పున వాసన కొడితే ఆల్పీనియా. అసలు ఏలకి ఆకు వాసన అంత గట్టిగా ఉండదు, దాని ఘనతంతా గింజలో ఉంటుంది. పూత కూడా వేరు. ఏలకికి పూలకాడ మొదట్లోంచి పుట్టి నేల మీద పాకుతుంది. ఆల్పీనియాకి కొమ్మ కొసన పూస్తుంది. ఇడుక్కి, కొడగు కొండల్లో అడవి నీడలో, తేమలో పెరిగే ఏలకి మన మే నెల వడగాలికి కాయలు కాస్తుందనుకోవడం అత్యాశ.

సందుతోట | మల్కాజ్‌గిరి | మే 12

అయితే రెండేళ్లుగా నేను నీళ్లు పోసింది దాయాదికా! అమ్మకి ఎలా చెప్పాలి? రోజూ "కాసిందా" అని అడుగుతుంది.

కుండీలపిచ్చి | కూకట్‌పల్లి | మే 12

చెప్పకండి 😀 మీకు కావాల్సింది వాసన ఆకే కదా, అనుకోకుండా సరైనదే కొన్నారు. పసుపు చారల ఆల్పీనియా కూడా దొరుకుతుంది, నీడ సందులో దీపం పెట్టినట్టు కనిపిస్తుంది. వానలు పడ్డాక జూన్ చివర్లో కుండీ బోర్లించి దుంపని రెండు మూడు ముక్కలు చేసి వేరువేరుగా పెట్టుకోండి. మీది ఏ ఆల్పీనియానో ఖాయంగా తెలిసేదాకా వంటలో మాత్రం వేయకండి.

మిద్దెమీదనుంచి | వనస్థలిపురం | మే 13

మచ్చలు తెగులు కాదు, ఎండ దెబ్బ. నీడ సందులో ఎండేమిటి అంటారా? హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. జీరో షాడో డే అని పేపర్లో వేస్తారే, అదే. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. మిగతా ఏడాది దక్షిణంగా ఉంటాడు కాబట్టి మీ ఇంటి నీడే సందు మీద పడి కాపాడుతుంది. ఇప్పుడు ఆ గొడుగు తీసేసినట్టయింది. రేపు పదకొండు నుంచి ఒంటిగంట దాకా అరగంటకోసారి వెళ్లి చూడండి, ఎండ ఏ కుండీ మీద ఎంతసేపు ఉందో తెలుస్తుంది.

ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మొదటి వారం దాకా యాభై శాతం ఎండ ఆపే గ్రీన్ నెట్ కట్టండి. ఆ తర్వాత తప్పకుండా విప్పేయండి. ఏడాదంతా ఉంచితే అసలే లేని వెలుతురు ఇంకా పోతుంది.

సందుతోట | మల్కాజ్‌గిరి | మే 14

చూశాను సార్. పదకొండుంపావుకి ప్రహరీ పక్క కుండీ మీద పడింది, ఒంటిగంట దాటినా ఉంది! తొమ్మిదేళ్లుగా ఈ ఇంట్లో ఉన్నాను, ఎప్పుడూ గమనించలేదు. నెట్ తెచ్చాను.

వంటింటికిటికీ | ఏఎస్‌రావు నగర్ | మే 14

నిమ్మగడ్డి పెట్టండి! దోమలు కూడా పోతాయి.

మిద్దెమీదనుంచి | వనస్థలిపురం | మే 14

నిమ్మగడ్డికి పూర్తి ఎండ కావాలండీ. నీడలో పెడితే పోచలు సన్నబడి వాలిపోతాయి, నలిపితే పచ్చిగడ్డి వాసనే వస్తుంది. ఇక దోమల మాట. దోమల్ని తరిమే నూనె ఆకులో ఉంటుంది, గాల్లో కాదు. మా మిద్దె మీద నిమ్మగడ్డి దుబ్బులోనే దోమలు నిద్రపోతుంటాయి.

వంటింటికిటికీ | ఏఎస్‌రావు నగర్ | మే 14

మా ఇంట్లో తగ్గాయి మరి. ఎవరి అనుభవం వాళ్లది.

అమ్మమ్మపెరడు | నల్లకుంట | మే 15

సందుతోట గారూ, మీ సందుకి మొదటి బహుమతి రంభ ఆకు. పాండన్ అంటారు, కొందరు బాస్మతి మొక్క అంటారు. కత్తుల్లాంటి పొడుగాటి ఆకులు గుండ్రంగా చుట్టుకుంటూ పైకి వస్తాయి, చూడ్డానికే ముచ్చటగా ఉంటుంది. నేరుగా ఎండ తగిలితే పాలిపోతుంది, నీడలోనే ముదురు పచ్చగా ఉంటుంది. నీళ్లంటే ప్రాణం. పన్నెండంగుళాల కుండీ చాలు.

దీని వాసన దగ్గర చాలామంది నిరాశపడతారు. కుండీ దగ్గర ముక్కు పెడితే ఏమీ రాదు. ఆకు కోసి, ముడి వేసి, ఉడికే అన్నంలో పడేయాలి. బాస్మతి బియ్యంలో వాసననిచ్చే పదార్థమే ఇందులోనూ ఉంది. మా ఇంట్లో సోనా మసూరి వండుతుంటే పక్కింటావిడ "ఈరోజు ఏమిటి స్పెషల్" అని తొంగిచూసింది.

ఇది తెచ్చిన రోజు మా అత్తగారు గుమ్మంలోనే ఆపేశారు. ఆకు చూసి "ఇది మొగలి కాదూ? పాములొస్తాయి, నడు బయటికి" అన్నారు. మొగలి జాతేనన్నది నిజమే. కానీ దీనికి పువ్వు పూయదు, మొగలికున్న ముళ్లు ఉండవు. ఎంత చెప్పినా వినలేదు. ఆ పూట రెండాకులు వేసి వండిన అన్నం పెట్టాను. ఇప్పుడు ఆవిడే నీళ్లు పోస్తారు, నన్ను పోయనివ్వరు.

పిలకలు బాగా వస్తాయి. అడుగున చిన్న గాలివేళ్లు కనిపించే పిలకను విరిచి గ్లాసు నీళ్లలో పెడితే చాలు. డిసెంబరు చలికి కాస్త ముడుచుకుంటుంది, కంగారుపడొద్దు.

మూడోఫ్లోర్ | నిజాంపేట | మే 15

నాది రంభ ఆకే, కొసలన్నీ ఎండిపోయి గోధుమరంగులోకి వస్తున్నాయి. నీళ్లు తక్కువయ్యాయని రోజుకు రెండుసార్లు పోశాను. ఇంకా ఎక్కువైంది. ఆల్పీనియాకీ అదే గతి.

అమ్మమ్మపెరడు | నల్లకుంట | మే 15

బోరు నీళ్లా?

మూడోఫ్లోర్ | నిజాంపేట | మే 15

అవును. బకెట్ అడుగున తెల్లగా పేరుకుంటుంది.

కుండీలపిచ్చి | కూకట్‌పల్లి | మే 15

ఆ తెలుపే మీ కుండీలోనూ పేరుకుంటోంది. మీరు రెండుసార్లు పోశారంటే రెండింతల ఉప్పు పోసినట్టు. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోయండి, వాటిలో లవణాలు దాదాపు ఉండవు. ఆర్ఓ ఫిల్టరు వదిలేసే నీళ్లు మాత్రం వద్దు, వృథా పోతున్నాయని మొక్కలకు పోస్తారు గానీ బోరు నీళ్ల కంటే వాటిలోనే ఉప్పు ఎక్కువ. వానాకాలం మొదలయ్యాక కుండీలు నాలుగు రోజులు వానలో పెట్టి అడుగు చిల్లుల్లోంచి నీళ్లు ధారగా పోయేదాకా తడవనివ్వండి. ఎండిన కొసలు మళ్లీ పచ్చబడవు, కత్తెరతో ఏటవాలుగా కత్తిరించుకోవడమే.

ఎర్రమట్టి | బోయిన్‌పల్లి | మే 17

అన్నలు, అక్కలు, ఇంత పెద్ద పెద్ద మొక్కలు చెప్పిండ్రు, వామాకు ఎవరూ చెప్పలేదేంది? పది రూపాయల మొక్క, కొమ్మ విరిచి గుచ్చితే బతుకుతది. తెల్లంచు ఉన్న రకం కూడా ఉంది, అందం దానిదే. మా దిక్కు వాన పడ్డదంటే బజ్జీలు దాంతోనే.

ఒక్కటే షరతు, నీడలో ఉన్నదానికి నీళ్లు తక్కువ పోయాలె. నీడ కుండీ ఆరడానికి టైమ్ పడుతది. వేలు రెండు కణుపులు మట్టిలోకి దించాలె, తడి తగిలితే ఆ రోజు బంద్. నేను మొదట్ల ప్రేమతో పోసి పోసి మూడు మొక్కలు కుళ్లబెట్టిన. మట్టిలో మూడో వంతు ఇసుక కలపాలె. మరీ చీకట్ల పెడితే తెల్లంచు మాసిపోతది, ఆకు పల్చబడతది, వాసన కూడా తగ్గుతది. సందులో గేటు దిక్కు, పొద్దుటి వెలుతురు తగిలే చోట పెట్టుర్రి.

వంటింటికిటికీ | ఏఎస్‌రావు నగర్ | మే 17

విక్స్ మొక్క కూడా ఇలాంటిదే కదా? మఖమల్ లాంటి ఆకు.

ఎర్రమట్టి | బోయిన్‌పల్లి | మే 17

దాని చుట్టమే. నీళ్లంటే దానికి ఇంకా పడదు.

ఎండుటాకు | తార్నాక | మే 20

ఈ చర్చ ఇవాళే చూశాను. పచౌలీ గురించి ఎవరూ రాయలేదు గనుక కాస్త పొడుగ్గా రాస్తాను, భరించండి.

పచౌలీ తులసి కుటుంబం మొక్క. మోకాలెత్తు గుబురు, వెడల్పాటి మెత్తని ఆకు. కొబ్బరి తోటల్లో చెట్ల కింద అంతరపంటగా వేస్తారంటే నీడకి ఎంత అలవాటో చూడండి. మధ్యాహ్నపు ఎండ తగిలితే పది నిమిషాల్లో తలవాల్చేస్తుంది, నీళ్లు పోస్తే గంటలో లేచి కూర్చుంటుంది. కొంచెం నాటకాల మొక్క.

దీని విశేషం పచ్చి ఆకులో లేదు. కోసి నీడలో వారం రోజులు ఆరబెట్టాలి. ఆరేకొద్దీ వాసన దిగుతుంది. మట్టి, పాత చెక్క, కర్పూరం కలిసినట్టుంటుంది. ఒకప్పుడు మన దేశం నుంచి యూరప్‌కి పంపే కశ్మీరీ శాలువాల మడతల్లో చిమటలు పట్టకుండా ఈ ఎండుటాకులు పెట్టేవారు. చివరికి అక్కడి జనం ఈ వాసన ఉంటేనే అసలైన శాలువా అనుకునేదాకా వచ్చింది. నేను గుప్పెడు ఆకులు పాత పంచె గుడ్డలో మూటకట్టి పట్టుచీరల బీరువాలో పెట్టాను. నాఫ్తలిన్ ఉండల వాసన పీల్చే బాధ తప్పింది.

కొమ్మలు వర్షాకాలంలో గుచ్చితే మూడు నాలుగు వారాల్లో వేళ్లు పోస్తాయి. రెండు ఆకులు ఉంచి మిగతావి తుంచేయాలి. వాసన మొక్కల మీద మరీ ఆసక్తి ఉన్నవాళ్లకి బోడుప్పల్‌లో సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) పరిశోధన కేంద్రం ఉంది, వాళ్ల పనే ఇది. వెళ్లే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

మరో మాట. వాసన కావాలంటే యూరియా జోలికి వెళ్లకండి. ఆకు అరచేయంత అవుతుంది, నలిపితే ఏమీ ఉండదు. వర్మీ కంపోస్ట్ నెలకి గుప్పెడు, వేపపిండి రెండు నెలలకి ఒక చెంచా, అంతే.

సందుతోట | మల్కాజ్‌గిరి | మే 21

పచౌలీ కావాలి! ఎక్కడ దొరుకుతుంది? మరువం, దవనం కూడా రాసుకున్నాను. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో కట్టలు చూసినప్పుడల్లా అమ్మ అడుగుతుంది.

మిద్దెమీదనుంచి | వనస్థలిపురం | మే 21

ఆ రెండూ మీ సందులో వద్దు. కనీసం సగం రోజు ఎండ కావాలి, చలికాలం తప్ప మన ఊళ్లో సుఖపడవు. మార్కెట్ నుంచి కట్ట కొనుక్కోవడమే చవక.

మూడోఫ్లోర్ | నిజాంపేట | మే 21

మా తూర్పు బాల్కనీలో మరువం మూడేళ్లుగా ఉంది సార్, పొద్దున మూడు గంటల ఎండతో.

మిద్దెమీదనుంచి | వనస్థలిపురం | మే 21

మూడు గంటలు అన్నారు కదా. సందుతోట గారికి అది కూడా లేదు.

వసపిట్ట | బర్కత్‌పురా | మే 26

నా పేరుకి న్యాయం చేయాలిగా, వస సంగతి చెప్తాను. చిన్నప్పుడు నాకు వస ఎక్కువ పోశారని ఇంట్లో అందరూ అంటారు, అందుకే ఈ వాగుడు. వస మొక్క ఎప్పుడైనా చూశారా? నేను నలభై ఏళ్లొచ్చాక చూశాను. గడ్డిలా పొడుగాటి ఆకులు, మధ్యలో ఈనె. ఆకు విరిస్తే అమ్మమ్మ ఇంటి సానరాయి వాసన. చెరువు గట్ల మొక్క, బురదంటే ఇష్టం. చిల్లులు లేని టబ్బులో సగం మట్టి, పైన రెండంగుళాల నీళ్లు. పొద్దుటి వెలుతురుతో బాగా పెరిగింది. దుంపని పసిపిల్లలకు అరగదీసి నాకించే పని మాత్రం పెట్టుకోకండి, మా పిల్లల డాక్టరు గట్టిగా వద్దన్నారు.

వంటింటికిటికీ | ఏఎస్‌రావు నగర్ | మే 26

నిలవ నీళ్లా! డెంగీకి ఆహ్వానపత్రిక వేసినట్టే.

వసపిట్ట | బర్కత్‌పురా | మే 26

నాలుగు గప్పీ చేపలు వేశాను. ఒక్క దోమపిల్లని బతకనివ్వవు. చేపలు వద్దనుకుంటే నీళ్లు నిలవకుండా మట్టిని ఎప్పుడూ తడిగా ఉంచినా బతుకుతుంది, కాస్త గిడసబారుతుంది.

అమ్మమ్మపెరడు | నల్లకుంట | జూన్ 30

మామిడల్లం మరిచిపోయాను. ఇప్పుడే సమయం. పచ్చడికి తెచ్చిన దుంపల్లో కన్ను ఉన్నవి రెండు తీసి కుండీలో రెండంగుళాల లోతున పెట్టండి. పసుపు ఆకులా వెడల్పుగా వస్తుంది, ఆకు నలిపితే పచ్చి మామిడికాయ. పసుపు కూడా పెట్టుకోవచ్చు, దాని ఆకు వాసన వేరే రకం హాయి. మరీ చీకటి కాకుండా కాస్త వెలుతురు ఉండాలి.

నా తెలివితక్కువతనం కూడా చెప్పాలి. మొదటి ఏడాది డిసెంబరులో ఆకులన్నీ పసుపుపచ్చగా మారి పడిపోయాయి. చచ్చిపోయిందని మట్టి మొత్తం ప్రహరీ మూలన పారబోశాను. దుంపలు నిద్రపోతున్నాయని తెలియదు. మళ్లీ జూన్‌లో వాన పడ్డాక ఆ మూల పిచ్చిమొక్కల్లోంచి చుట్టలు చుట్టుకున్న ఆకులు లేచాయి. పీకబోతే చేతికి మామిడికాయ వాసన!

కుండీలపిచ్చి | కూకట్‌పల్లి | జులై 1

నత్తలు జాగ్రత్త. వానాకాలం నీడ సందు వాటికి అత్తగారిల్లు. రాత్రి తొమ్మిది దాటాక టార్చి పట్టుకుని ఏరడమే మార్గం. ఆల్పీనియా తొడిమల సందుల్లో పిండినల్లి కూడా చూడండి, కనిపిస్తే లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

మూడోఫ్లోర్ | నిజాంపేట | ఆగస్టు 9

నెల రోజుల వానలో పెట్టాక రంభకి కొత్త ఆకులు కొసలతో సహా పచ్చగా వచ్చాయి. ఏసీ గొట్టానికి కింద బకెట్ పెట్టాను, మా ఆవిడ రెండుసార్లు తన్నుకుంది. ధన్యవాదాలు.

ఇంకో ప్రశ్న. నర్సరీలో బిర్యానీ ఆకు మొక్క అని ఇచ్చారు. చిగురు ఎర్రగా భలే ఉంది. ఆకు నలిపితే లవంగం వాసన వస్తోంది. ఇందులోనూ మోసపోయానా?

ఎండుటాకు | తార్నాక | ఆగస్టు 9

అది దాల్చినచెక్క మొక్క అయి ఉండొచ్చు. దాల్చిన బెరడుకి ఒక వాసన, ఆకుకి మరొకటి. ఆకు నూనెలో ఎక్కువగా ఉండేది యూజినాల్, లవంగం వాసనా దానిదే. బిర్యానీ ఆకు దానికి తోబుట్టువు, రెండింటికీ ఆకు పొడవునా మూడు ఈనెలు ఉంటాయి కాబట్టి చూపుతో తేల్చడం కష్టం. చిన్నప్పుడు నీడ ఓర్చుకుంటుంది. ఆ ఎర్ర చిగురు కోసమైనా ఉంచుకోండి.

సందుతోట | మల్కాజ్‌గిరి | డిసెంబరు 21

ఇన్నాళ్లూ చదివి చదివి చేసిందంతా ఇప్పుడు చెప్తున్నాను. గ్రీన్ నెట్ ఆగస్టు రెండో వారంలో విప్పేశాను. ఆల్పీనియా మూడు కుండీలైంది. రంభ ఒకటి నర్సరీలో దొరికింది. గేటు దగ్గర తెల్లంచు వామాకు. వస పెట్టలేదు, నాకు చేపల పని కుదరదు. మామిడల్లం ఆకులు నిన్నటి నుంచి పండిపోతున్నాయి. పారబోయలేదు, కుండీ మీద సుద్దముక్కతో "నిద్ర" అని రాసి మెట్ల కింద పెట్టాను. నీళ్లు ఆపేశాను.

పచౌలీ ఎండుటాకు గారే కొమ్మలిచ్చారు. మూడింట్లో రెండు బతికాయి. అమ్మ కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెడితే అందేంత దగ్గరలో పెట్టాను. పొద్దున కాఫీ తాగాక వరసగా ఒక్కో ఆకు అందుకుని వేళ్లతో రుద్ది, "ఇది నీ ఏలకి, ఇది బజ్జీ ఆకు" అని చెప్తుంది. మొన్న పచౌలీ దగ్గర ఆగిపోయింది. రెండుసార్లు వాసన చూసింది. నచ్చిందనుకుని దగ్గరికి వెళ్లాను.

"ఇది మా అత్తగారి ట్రంకుపెట్టె వాసనే. తీసెయ్ ఇక్కణ్ణుంచి" అంది.

ఎవరికైనా పచౌలీ కావాలా? పది అంగుళాల కుండీ, గుబురుగా ఉంది. ఆదివారం పొద్దున మల్కాజ్‌గిరి స్టేషన్ దగ్గరికి వస్తే ఇస్తాను.

ఎండుటాకు | తార్నాక | డిసెంబరు 21

😂 అమ్మగారికి నమస్కారాలు. దాని స్థానంలో ఏం పెడుతున్నారు?

సందుతోట | మల్కాజ్‌గిరి | డిసెంబరు 21

తమలపాకు తీగ అడిగింది. భోజనమయ్యాక కిటికీలోంచే కోసుకోవచ్చట.

మూడోఫ్లోర్ | నిజాంపేట | డిసెంబరు 22

పచౌలీ నాకు. ఆదివారం ఎనిమిదిన్నరకి వస్తాను, రంభ పిలక ఒకటి తెస్తున్నాను. మా ఇంట్లో తమలపాకు కూడా ఉంది, రెండు కణుపులున్న కొమ్మ తడిగుడ్డలో చుట్టి తెమ్మంటారా?